ఎలక్టివ్ అంటే సెక్షన్ ఓటింగ్ కాదు

ఇంజనీరింగ్ విద్యార్థులకు, వాళ్ల తల్లిదండ్రులకు, హెచ్‌ఓడీలకు

రాత్రి తొమ్మిది దాటాక సెక్షన్ వాట్సాప్ గ్రూపులో సీఆర్ (క్లాస్ రిప్రజెంటేటివ్) మెసేజ్ పెడతాడు. "ప్రొఫెషనల్ ఎలక్టివ్‌కి క్లౌడా, ఐఓటీనా? పదిలోపు వేసేయండి, హెచ్‌ఓడీ సార్ అడుగుతున్నారు." కింద పోల్. మొదటి ఐదు నిమిషాల్లో పడిన ఓట్లు ఎటు మొగ్గితే మిగతావీ అటే పోతాయి. ఒకడు "ఏది ఈజీరా?" అంటాడు. ఇంకొకడు "క్లౌడ్‌కి సీనియర్ల నోట్సున్నాయి" అంటాడు. గ్రూపును మ్యూట్‌లో పెట్టుకున్నవాళ్లు పొద్దున లేచి చూసేసరికి సెక్షన్ మొత్తానికీ సబ్జెక్టు ఖాయమైపోయి ఉంటుంది. అరవై మందిలో ఇరవై మంది రెండోది కోరుకున్నా వాళ్లకీ మొదటిదే, బంతిలో కూర్చున్న అందరికీ ఒకే కూర వడ్డించినట్టు. కొన్ని కాలేజీల్లో ఈ పోల్ కూడా ఉండదు. టైమ్‌టేబుల్ నోటీసుబోర్డుకి ఎక్కిన రోజునే తాము ‘ఎంచుకున్నది’ ఏమిటో పిల్లలకు తెలుస్తుంది.

ఈ పద్ధతి మారాలి. ఏ విద్యార్థి ఎలక్టివ్‌ను ఆ విద్యార్థే సిలబస్ చదువుకుని, అడ్వైజర్‌తో మాట్లాడి, సొంతంగా నమోదు చేసుకోవాలి. ఇంజనీరింగ్ పాఠాలు చెప్పేవాళ్లుగా మేం అడుగుతున్నది ఇంతే. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, కొత్త జీవో అక్కర్లేదు. చేయాలని ఎప్పుడో రాసిపెట్టిన పనే ఇది.

జేఎన్‌టీయూ హైదరాబాద్ ఆర్18 (2018లో చేరిన బ్యాచ్ నుంచి వర్తించిన) బీటెక్ నిబంధనలు తెరిచి చూడండి. రాబోయే సెమిస్టర్ రిజిస్ట్రేషన్ ఆన్‌లైన్‌లో, ప్రస్తుత సెమిస్టర్ చివరి పరీక్షలు మొదలయ్యేలోపే పూర్తి కావాలి. నమోదు చేసిన తేదీ, సమయం రికార్డు కావాలి. ప్రతి విద్యార్థికీ ఒక ఫ్యాకల్టీ అడ్వైజర్ ఉండాలి, ఆయన రాతపూర్వకంగా ఒప్పుకున్నాకే నమోదు. జాబితాలో పెట్టిన సబ్జెక్టును ఏదైనా కారణంతో నడపలేకపోతే, క్లాసులు మొదలైన మొదటి వారంలోనే విద్యార్థికి వేరే సబ్జెక్టు ఎంచుకునే వీలు కల్పించాలి. అడ్వైజర్ అనుమతితో 15 రోజుల్లోపు సబ్జెక్టును వదులుకోవచ్చని కూడా ఉంది. రూల్ బుక్ తెరిచే అలవాటు మనకు డిటెయిన్ అయినప్పుడే వస్తుంది గనక ఈ పేరాలు ఎవరి కంటా పడవు.

కాకినాడ, అనంతపురం జేఎన్‌టీయూల కింది కాలేజీలకూ, అటానమస్ కాలేజీలకూ వాటి వాటి నిబంధనలున్నాయి. మాటలు, తేదీలు వేరుగా ఉండొచ్చు. ఎంపిక ఆధారిత క్రెడిట్ విధానం మాత్రం అన్నిచోట్లా ఉన్నదే. మీ కాలేజీ వెబ్‌సైట్‌లో ‘అకడమిక్ రెగ్యులేషన్స్’ అనే పీడీఎఫ్ ఉంటుంది. అందులో రిజిస్ట్రేషన్ గురించి రాసింది మహా అయితే రెండు పేజీలు. ముందు అది చదవండి.

ఇంతకీ ఒక్క సబ్జెక్టు కోసం ఇంత గొడవెందుకు అంటారేమో. ఒక్కటి కాదు. ఏఐసీటీఈ 2018 జనవరిలో నమూనా పాఠ్యప్రణాళిక విడుదల చేసి బీటెక్‌ను 160 క్రెడిట్లకు కుదించింది. అంతకుముందు హైదరాబాద్ జేఎన్‌టీయూ ఆర్16లో 192 ఉండేవి. వారానికి ఒక గంట పాఠానికి ఒక క్రెడిట్, రెండు గంటల ల్యాబ్‌కు ఒక క్రెడిట్ అన్న లెక్కన చూస్తే ఎంత బరువు దించారో అర్థమవుతుంది. ఆ దించడం పిల్లలు కాస్త ఊపిరి తీసుకుని, నచ్చినదాన్ని లోతుగా చదువుకోవాలని. ఆర్18 ప్రకారం సీఎస్‌ఈ విద్యార్థికి ఆరు ప్రొఫెషనల్ ఎలక్టివ్‌లు, మూడు ఓపెన్ ఎలక్టివ్‌లు. తలా మూడు క్రెడిట్లు వేసుకుంటే 27, అంటే డిగ్రీలో ఆరో వంతు. మిగతా ఐదు వంతులూ యూనివర్సిటీ నిర్ణయిస్తుంది. విద్యార్థి ఇష్టానికి వదిలింది ఈ ఒక్క వంతునే, దాన్నీ వాట్సాప్ పోల్‌లో తేల్చేస్తున్నాం.

హెచ్‌ఓడీల ఇబ్బంది మాకు తెలియంది కాదు, మేమూ టైమ్‌టేబుళ్లు వేసినవాళ్లమే. "టీచర్లేరండీ? గదులేవండీ?" అన్నది న్యాయమైన ప్రశ్న. అయితే ఇవాళ చాలా కాలేజీల్లో సీఎస్‌ఈ, దాని చుట్టూ పుట్టిన ఏఐ, డేటా సైన్స్ బ్రాంచీలు కలిపి నాలుగైదు సెక్షన్లకు తక్కువ లేవు. అన్ని సెక్షన్ల ఎలక్టివ్ పీరియడ్‌నూ ఒకే గంటకు పెట్టండి, ఉదాహరణకు మంగళ, గురు, శుక్రవారాల్లో మూడో పీరియడ్. ఆ గంటలో ఒక గదిలో క్లౌడ్, పక్క గదిలో ఐఓటీ, ఇంకో గదిలో ఇమేజ్ ప్రాసెసింగ్. పిల్లలు సెక్షన్ దాటి తమ సబ్జెక్టు గదికి వెళతారు. సెక్షన్లు ఎన్నో గదులూ అన్నే, పాఠాల గంటలూ అన్నే. ఒకే సార్ మూడు సెక్షన్లకూ క్లౌడ్ చెబుతున్న చోట మాత్రం ఇంకో ఇద్దరు టీచర్లు కొత్త సబ్జెక్టులు తయారుచేసుకోవాలి. శ్రమే, ఒప్పుకుంటాం. చెప్పిన పాఠాన్నే ఏడాదికేడాది చెప్పడం కంటే అది మాకూ మంచిదే. అఫిలియేటెడ్ కాలేజీల్లో ప్రశ్నపత్రం బెంగ కూడా లేదు, జాబితాలోని సబ్జెక్టులకు దాన్ని యూనివర్సిటీయే తయారుచేస్తుంది.

ఎంతమంది చేరితే సబ్జెక్టు నడుపుతారో ఆ సంఖ్యను ముందే ప్రకటించాలి. ఇరవై అయితే ఇరవై, పదిహేనైతే పదిహేను. పందొమ్మిది మంది అడిగినప్పుడు ‘కనీసం పాతిక ఉండాలి’ అని అప్పటికప్పుడు గీత జరపకూడదు. ప్రతి సబ్జెక్టుకూ సిలబస్, ముందుగా వచ్చి ఉండాల్సిన సబ్జెక్టులు, చెప్పబోయే టీచర్ పేరు కలిపి ఒక పేజీ తయారుచేసి, రిజిస్ట్రేషన్‌కు రెండు వారాల ముందు పెట్టాలి. టీచర్ పేరెందుకంటే, పిల్లలు ఎలాగూ అదే ఆరా తీస్తారు. దాచితే పుకార్లు ఆ పని చేస్తాయి.

ఇక విద్యార్థులతో నాలుగు మాటలు. "ఆ సార్ ఇంటర్నల్స్ బాగా వేస్తారు" అని సబ్జెక్టు ఎంచుకునేవాళ్లను మేం తిట్టం. హైదరాబాద్ ఆర్22లో నూటికి నలభై మార్కులు ఇంటర్నల్సే. క్యాంపస్‌కి వచ్చే కంపెనీలు అరవై శాతం ఉండాలనో, బ్యాక్‌లాగ్ ఉండకూడదనో గీత గీస్తే ఆ భయం మీకు ఉండడం సహజం. అయినా మార్కులు మాత్రమే చూసుకుని ఎంచుకున్న సబ్జెక్టు రెజ్యూమెలోకి ఎక్కుతుంది, ఇంటర్వ్యూలో వాళ్లు వేలు పెట్టేది సరిగ్గా అక్కడే. "మెషిన్ లెర్నింగ్ చదివారు కదా, ఓవర్‌ఫిట్టింగ్ అంటే చెప్పండి" అన్నప్పుడు సీనియర్ల నోట్సు ఆదుకోదు.

సబ్జెక్టు పేరు చూసి మోజు పడొద్దు. సిలబస్‌లో ఐదు యూనిట్లుంటాయి, ఐదూ చదవండి. మొదటి యూనిట్ ఎలాగూ పరిచయమే, అసలు సబ్జెక్టు మూడో యూనిట్‌లో బయటపడుతుంది. ఆ యూనిట్‌లోని మాటలు దేనిమీద ఆధారపడ్డాయో చూసుకోండి. లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ సరిగా రాకుండా మెషిన్ లెర్నింగ్ తీసుకుంటే నెల తిరక్కుండానే బట్టీలోకి దిగాల్సి వస్తుంది. సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్ అత్తెసరు మార్కులతో గట్టెక్కినవాళ్లు ఇమేజ్ ప్రాసెసింగ్‌కి ముందు ఫూరియే ట్రాన్స్‌ఫామ్ మరోసారి తిరగేయాలి. మెకానికల్‌లో ఫైనైట్ ఎలిమెంట్‌కీ స్ట్రెంత్ ఆఫ్ మెటీరియల్స్‌కీ ఉన్న లంకె కూడా ఇలాంటిదే.

ఆరు ఎలక్టివ్‌లను ఆరు సార్లు విడివిడిగా తేల్చుకోవద్దు. మూడో ఏడాది మొదట్లోనే జాబితా మొత్తం ముందు పెట్టుకుని, ఏది దేనికి దారితీస్తుందో ఒక కాగితం మీద గీసుకోండి. గేట్ రాసే ఆలోచన ఉన్నవాళ్లు ఆ సిలబస్ కూడా పక్కన పెట్టుకోవాలి. కంప్యూటర్ సైన్స్ పేపర్‌లో ఆల్గోరిథమ్స్, ఆపరేటింగ్ సిస్టమ్స్ వంటి కోర్ సబ్జెక్టులదే రాజ్యం, క్లౌడ్ ఎలక్టివ్ అక్కడ పెద్దగా అక్కరకు రాదు. 2024 నుంచి డేటా సైన్స్, ఏఐలకు విడిగా గేట్ పేపర్ వచ్చింది. దానికి సిద్ధమయ్యేవాళ్లకు మెషిన్ లెర్నింగ్ ఎలక్టివ్ రెండిందాలా పనికొస్తుంది.

ఓపెన్ ఎలక్టివ్ అన్నది వేరే బ్రాంచి గుమ్మం తొక్కడానికి ఇచ్చిన అవకాశం. సివిల్ విద్యార్థి డేటాబేస్ నేర్చుకోవచ్చు, సీఎస్‌ఈ విద్యార్థి పునరుత్పాదక ఇంధనం గురించి చదవొచ్చు. సొంత విభాగం తన సబ్జెక్టుల్లో చెప్పేదాన్నే ఓపెన్ ఎలక్టివ్ పేరుతో తీసుకోవడం నిబంధనలకే విరుద్ధం. మేనేజ్‌మెంట్ సబ్జెక్టు తేలిక అని గుంపుగా అటు పరిగెత్తే ముందు ఒక్కసారి మిగతా జాబితా చూడండి.

ఈసెట్ రాసి రెండో ఏడాదిలో చేరిన డిప్లొమా విద్యార్థుల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. ల్యాబ్‌లో వీళ్లు మిగతావాళ్ల కంటే చురుగ్గా ఉంటారు. బీటెక్ మొదటి ఏడాది మ్యాథ్స్ క్లాసులు మాత్రం వీళ్లు వినలేదు. లెక్కల బరువున్న ఎలక్టివ్‌కి వీళ్ల పేరు పోల్‌లో కొట్టుకుపోయి పడితే ఆ సెమిస్టర్ గండమే. అడ్వైజర్లు ముందుగా కూర్చోబెట్టి మాట్లాడాల్సింది వీళ్లతోనే. పది నిమిషాలు చాలు, అదీ తలుపు దగ్గర నిలబెట్టి ఫారం మీద సంతకం గీకే పది నిమిషాలు కాకూడదు.

పిల్లలు తక్కువగా ఉన్న మెకానికల్, సివిల్ బ్రాంచీల్లో రెండు ఎలక్టివ్‌లు నడపడం నిజంగానే కష్టం. అక్కడ ఆన్‌లైన్ కోర్సుల ఎన్‌పీటెల్ ఉంది. ఏడు ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్‌సీ కలిసి 2003లో మొదలుపెట్టిన ఈ ఏర్పాటులో ఇవాళ 12 వారాల కోర్సుకు మూడు క్రెడిట్లు లెక్క, అంటే సరిగ్గా ఒక ఎలక్టివ్ అంత. ఎన్‌పీటెల్ కోర్సులు నడిచే ‘స్వయం’ వేదిక ద్వారా చేసిన కోర్సుల నుంచి సెమిస్టర్‌లో 40 శాతం వరకు క్రెడిట్లు తీసుకోవచ్చని యూజీసీ 2021 నిబంధనల్లో వీలు కల్పించింది. కాలేజీ కూడా ఒప్పుకోవాలి. అసలు చిక్కంతా ఇక్కడే. విద్యార్థి ముందు కోర్సు పూర్తిచేసి సర్టిఫికెట్ పట్టుకొస్తాడు, ఆఫీసులో "ఇది మా లిస్టులో లేదు" అంటారు. కోర్సులో చేరకముందే కోడ్, పేరు, ఏ ఎలక్టివ్‌కు బదులో రాసి హెచ్‌ఓడీ సంతకం తీసుకోండి. ఇంకో సంగతి: ఫైనల్ పరీక్ష ఎంత బాగా రాసినా వారంవారం అసైన్‌మెంట్లు ఎగ్గొడితే సర్టిఫికెట్ రాదు. పన్నెండింటిలో మంచి మార్కులొచ్చిన ఎనిమిది అసైన్‌మెంట్ల సగటు పాతిక మార్కులకు లెక్కేస్తారు, అందులో కనీసం పది రావాలి. మిగతా 75 మార్కుల పరీక్షలో కనీసం 30 రావాలి. చేరడం ఉచితమే. పరీక్షకు మాత్రం ఫీజు కట్టి విడిగా నమోదు చేసుకోవాలి, చాలామంది మరిచిపోయేది ఇదే.

ఆనర్స్, మైనర్ గురించి అడుగుతుంటారు. 160 మీద మరో 18 నుంచి 20 క్రెడిట్లు, అంటే దాదాపు ఆరు సబ్జెక్టులు అదనం. చేతిలో బ్యాక్‌లాగ్ ఉంటే అటు చూడొద్దు. సప్లీ తుడిచేసుకోవడమే అప్పటికి మీ ఆనర్స్.

తల్లిదండ్రులారా, పేరెంట్స్ మీటింగ్‌లో హాజరు శాతం, ఫీజు బకాయి మాట్లాడి లేచి రాకండి. "మా అమ్మాయి ఎలక్టివ్ ఏమిటి, అది ఎవరు ఎంచుకున్నారు, అడ్వైజర్ ఎవరు?" అని అడగండి. ఈ మూడింటికీ అక్కడికక్కడే జవాబు వస్తే ఆ కాలేజీలో పద్ధతి బాగున్నట్టే.

సీఆర్‌లకూ ఒక మాట. పోల్ పెట్టమని అడిగినప్పుడు పెట్టండి, అభిప్రాయం తెలుసుకోవడంలో తప్పులేదు. దాని ఫలితాన్ని సెక్షన్ నిర్ణయంగా మాత్రం పంపకండి. ఎవరు ఏది కోరారో రోల్ నంబర్లతో సహా జాబితాగా ఇవ్వండి. దానితో పాటు ఈ వినతి కూడా జతచేయండి, మీ కాలేజీకి తగ్గట్టు మార్చుకోవచ్చు:

"గౌరవనీయులైన హెచ్‌ఓడీ గారికి, మూడో సంవత్సరం విద్యార్థులు రాసుకున్న వినతి. వచ్చే సెమిస్టర్ ఎలక్టివ్‌ల జాబితాను సిలబస్‌తోనూ, చెప్పే టీచర్ల పేర్లతోనూ రిజిస్ట్రేషన్‌కు రెండు వారాల ముందు ప్రకటించవలసిందిగా కోరుతున్నాం. కనీసం ఎంతమంది చేరితే సబ్జెక్టు నడుపుతారో తెలియజేయగలరు. అన్ని సెక్షన్లకూ ఎలక్టివ్ పీరియడ్ ఒకే సమయంలో పెట్టి, ఎవరికి వారు నమోదు చేసుకునే వీలు కల్పించగలరు. కోరిన సబ్జెక్టు నడపలేని పక్షంలో క్లాసులు మొదలైన మొదటి వారంలోనే వేరే సబ్జెక్టు ఎంచుకునే అవకాశం ఇప్పించగలరు. మా పేర్లు, రోల్ నంబర్లు, సంతకాలు కింద ఇస్తున్నాం."