ఏమడిగార్రా లోపల?

క్యాంపస్ ఇంటర్వ్యూల రోజు ఇంజనీరింగ్ కాలేజీ వరండా చూడాలి. నాలుగేళ్లూ టీషర్టుల్లో తిరిగిన పిల్లలు ఇస్త్రీ చొక్కాలు టక్ చేసుకుని, సర్టిఫికెట్ల ఫైలు గుండెలకు హత్తుకుని నిలబడతారు. టై కట్టడం ఏ ఒక్కడికో వస్తుంది. అందరి మెడలకూ వాడే కడతాడు. బూట్లు అందరికీ ఉండవు. లోపలికెళ్లినవాడు బయటికి రాగానే ఆ జత ఇంకొకడి కాళ్లకు మారుతుంది.

ఆ గుమ్మం దాకా రావడమే పెద్ద ప్రయాణం. పదో తరగతి నుంచీ 60 శాతానికి తగ్గకూడదు, బ్యాక్‌లాగ్‌లు ఉండకూడదు అంటాయి చాలా కంపెనీలు. ఆప్టిట్యూడ్ పరీక్ష గట్టెక్కాలి. ఆపైన టెక్నికల్ రౌండు. స్టాక్‌కీ క్యూకీ తేడా చెప్పమంటారు. ముందొచ్చింది ముందు పోతే క్యూ, చివర పెట్టింది ముందు తీస్తే స్టాక్. వందసార్లు చదివిందే. అయినా ఆ క్షణాన నోరు పెగలదు.

హెచ్చార్ రౌండులో 'మీ గురించి చెప్పండి' అంటారు. అది ఇంకా కష్టం. పేరు, ఊరు, మార్కులు, ఎంట్రన్స్ ర్యాంకు... అక్కడితో ఆగిపోతారు. పదహారేళ్ల చదువులో అందరూ అడిగినవి అవే మరి. 'ఫాదర్ ఈజ్ ఎ ఫార్మర్' అన్న మాట వెనక, ఫీజు కోసం అమ్మేసిన పాడిగేదె ఉండొచ్చు. ఆ సంగతి అక్కడ చెప్పొచ్చో లేదో పిల్లలకు తెలియదు.

నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘడియ ఆ తర్వాతిది. తలుపు తెరుచుకుని ఒకడు బయటికొస్తాడు. 'ఏమడిగార్రా లోపల?' అంటూ అందరూ చుట్టుముడతారు. ఉన్నవి కొన్నే ఉద్యోగాలు. చెప్పే ప్రతి ప్రశ్నా ఎదుటివాడికే పనికొస్తుందని వాడికి తెలుసు. అయినా పూసగుచ్చినట్టు చెబుతాడు. తను తప్పు చెప్పిన జవాబూ, గుమ్మం దాటాక గుర్తొచ్చిన సరైన జవాబూ కూడా.

సాయంత్రం జాబితా చదువుతారు. పేరు వినబడ్డవాళ్లు ఇంటికి ఫోన్ చేయడానికి ఏ చెట్టు కిందికో వెళతారు. వినబడనివాళ్లు ముందు వాళ్ల భుజం తట్టి, ఆ తర్వాతే తమ గదికి నడుస్తారు.

వీళ్లలో కొందరు పరీక్షలయ్యాక హైదరాబాద్ అమీర్‌పేటలో దిగుతారు. ఆ నగరంలోని మాదాపూర్‌లో 1998లో ఐటీ కంపెనీల కోసం సైబర్ టవర్స్ తెరిచిన నాటినుంచీ ఊళ్లలో పిల్లల చూపు అటే. అమీర్‌పేటలోని మైత్రీవనం చుట్టుపక్కల హాస్టల్ గదిలో నలుగురు, పగలంతా జావా క్లాసులు, వాకిన్ ఉందంటే పరుగు. రాత్రి ఇంటర్వ్యూ నుంచి వచ్చినవాడి మంచం చుట్టూ మిగతా ముగ్గురూ చేరతారు. అక్కడా అదే మాట.

ఇంట్లో మనం మాత్రం 'వచ్చిందా, రాలేదా?' అంటాం. ఈసారి మీ అబ్బాయో అమ్మాయో ఇంటర్వ్యూ నుంచి వస్తే, కాళ్లు కడుక్కోనిచ్చి, అన్నం పెట్టి, లోపల ఏమడిగారో అడగండి.