పాత చిరుతిండ్లు - ఒక ఆలోచన

పండుగకు కుటుంబమంతా కలిసినప్పుడు పెద్దవారి మాటలు ఎప్పుడో ఒకప్పుడు చిన్ననాటి తిండి మీదికి మళ్లుతాయి. "ఆ గోల్డ్‌స్పాట్ ఇప్పుడేదీ? ఆ సిగరెట్ చాక్లెట్లు ఏమైపోయాయి?" అంటారు. 1993లో పార్లే వారు తమ పానీయాలను కోకాకోలాకు అమ్మిన తర్వాత గోల్డ్‌స్పాట్ మెల్లగా అంగళ్లలో కనబడకుండా పోయింది. ఆ నారింజ రంగు సీసా తలచుకుంటే ఇప్పటికీ చాలామందికి నోరూరుతుంది. అందులో తప్పేమీ లేదు.

అయితే ప్రియ పాఠకులారా, పోయినవన్నీ మంచివి కావు. సిగరెట్ చాక్లెట్టు పెదవుల మధ్య పెట్టుకుని పొగ వదిలినట్లు నటించడం పిల్లలకు సరదా. కాని ఆ సరదాలోనే పొగతాగడం గొప్ప అనే భావన నాటుకుంటుంది. అందుకే 2003 నాటి పొగాకు నియంత్రణ అంతర్జాతీయ ఒప్పందం అటువంటి మిఠాయిల తయారీ, అమ్మకాలను నిషేధించాలని చెప్పింది. గులాబీ రంగు పీచుమిఠాయి సంగతి కూడా చూడండి. బట్టలకు వాడే రోడమిన్-బి రంగు అందులో బయటపడినందువల్ల 2024 ఫిబ్రవరిలో పుదుచ్చేరి, తమిళనాడు ప్రభుత్వాలు దాని అమ్మకాన్ని నిషేధించాయి.

కొన్ని పాత రుచులు తిరిగి వచ్చాయి. రోలా కోలా బిళ్లలు 2019లో, కాంపా కోలా 2023లో మళ్లీ అంగడికెక్కాయి. రుచి వచ్చింది గాని ఆనాటి పొదుపు రాలేదు. అప్పట్లో చాలా ఇళ్లలో కూల్‌డ్రింకు అంటే పెళ్లికో, క్రిస్మస్‌కో. ఒక సీసాను ఇద్దరు ముగ్గురు పంచుకునేవారు. ఇప్పుడు బడి వదిలిన ప్రతిరోజూ ఒక సీసా తాగే పిల్లలున్నారు. మామూలు తీపి పానీయం 200 మి.లీ.లో సుమారు 20 గ్రాములు, అంటే 5 చెంచాల చక్కెర ఉంటుంది. పెద్దవారికైనా ఇలా కలిపిన చక్కెర రోజుకు 25 గ్రాములు దాటకపోతే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా.

షుగరు వ్యాధి ఉన్న పెద్దలకు మరో మాట. "చిన్నప్పుడు తిన్నవే కదా, బెల్లమే కదా" అని జీళ్లు, పల్లీ ఉండలు తినకండి. బెల్లం కూడా రక్తంలో చక్కెరను పెంచుతుంది. 5 ఏళ్లలోపు మనవలకు గట్టి పల్లీలు పెట్టవద్దు, గొంతులో అడ్డుపడే ప్రమాదముంది.

మీ చిన్ననాటి రుచి పిల్లలకు చూపించాలనుకుంటే ఉడికించిన వేరుశనగకాయలు, తేగలు, జామకాయలు ఉన్నాయి. కాయలు ఒలిచి పెడుతూ మీ కబుర్లు చెప్పండి. తీపి వస్తువును మాత్రం పండుగకే ఉంచండి. అరుదుగా దొరికినందువల్లనే అది మీకు ఇన్నేళ్లు గుర్తుంది.