మొక్కలకూ చప్పట్లు, ఇసుకకూ చప్పట్లు

ఈసారి కూడా కొంచెం పొడుగే ఉంది. చాయ్ తాగుకుంటూ ఓపికగా చదవండి. కోపం వస్తే చివరిదాకా చదివాక తెచ్చుకోండి.

మొన్న మన సంఘం సర్వసభ్య సమావేశంలో రెండు తీర్మానాలు పాసయ్యాయి. మొదటిది, జూన్ 5న పర్యావరణ దినం నాడు కుండల్‌వాడిలో 500 మొక్కలు నాటాలని. రెండోది, సంఘ భవనం పై అంతస్తు కోసం 40 బ్రాసుల మంజీర ఇసుక ఇప్పుడే దింపుకోవాలని, ఎందుకంటే వానలు మొదలైతే రేటు పెరుగుతుంది. రెండింటికీ ఒకే తీరుగా చప్పట్లు కొట్టాం. ఇది రాస్తున్న మేమూ కొట్టినవాళ్లమే. బయటికి వచ్చేటప్పుడు చెప్పులు వెతుక్కుంటున్న ఒక పెద్దమ్మ మాత్రం అడిగింది: "గన్ని మొక్కలు పెడుతరు సరే బిడ్డా, నీళ్లు యాడికెల్లి తెస్తరు?"

మా దగ్గర జవాబు లేదు. నిరుడు నాటిన మొక్కల్లో ఎన్ని బతికాయో మనందరికీ తెలుసు. ఇనుప జాలీలు నిలబడి ఉన్నాయి, లోపల ఏమీ లేదు. ఆ తప్పు మునిసిపాలిటీది కాదు, ఫోటో దిగి ఇంటికొచ్చిన మనది.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. ప్రపంచం మాట ముందు చెప్పుకుందాం. 2015లో పారిస్‌లో దేశాలన్నీ ఒప్పందం చేసుకున్నాయి. 2021లో గ్లాస్గోలో మన దేశం 2070 నాటికి నెట్ జీరో అంది. 2024లో బాకూలో, 2035 నాటికి పేద దేశాల కోసం ఏటా 300 బిలియన్ డాలర్లు కూడగడతామని ధనిక దేశాలు మాటిచ్చాయి. 2025 నవంబర్‌లో బ్రెజిల్‌లోని బెలెంలో మళ్లీ కూర్చున్నారు. గాలిని ఎక్కువ పాడు చేసింది వాళ్లు, ఎండకు ఎక్కువ మాడేది మనం. ఆ బాకీ అడగాల్సిందే, మేం కాదనం. రాష్ట్రంలో చూస్తే, 2020 నుంచి మాఝీ వసుంధరా అభియాన్ నడుస్తోంది. భూమి, నీరు, గాలి, అగ్ని, ఆకాశం అని పంచభూతాల లెక్కన ఊళ్లకు మార్కులు వేస్తారు. అదీ మంచిదే. కానీ బెలెంలో ఏం రాసుకున్నా, మార్కులు ఎన్ని వచ్చినా, రాత్రి పదకొండు దాటాక మన రోడ్డు మీద వెళ్లే హైవాలు ఆగవు. అవి ఆగాలంటే ఆపాల్సింది మనమే, ఎందుకంటే వాటిలో కొన్ని మనవాళ్లవే.

వాన ఎట్లా మారిందో చెప్పడానికి శాస్త్రవేత్త అక్కర్లేదు. అయినా శాస్త్రవేత్తలూ చెప్పారు. పుణె వాతావరణ సంస్థకు చెందిన పరిశోధకులు 2017లో లెక్క తీశారు. 1950 నుంచి 2015 వరకు చూస్తే, మధ్య భారతంలో విస్తారంగా కురిసే అతి భారీ వానలు మూడు రెట్లు పెరిగాయి. అంటే నాలుగు నెలల్లో నెమ్మదిగా పడాల్సింది నాలుగు రోజుల్లో కుమ్మరించి పోతోంది. 2025 ఆగస్టులో మన పక్క ముఖేడ్ తాలూకాలో ఏమైందో చూశాం. ఒక్క రాత్రిలో లెండి వాగు పొంగి ఊళ్లు మునిగాయి, ప్రాణాలు పోయాయి. అదే మరాఠ్వాడాలో 2016 ఏప్రిల్‌లో లాతూర్‌కు రైల్లో నీళ్లు తెచ్చారు. మిరజ్ నుంచి వచ్చిన మొదటి రైలు తెచ్చింది సుమారు 5 లక్షల లీటర్లు. లాతూర్‌కు నీళ్లిచ్చే మాంజరా డ్యాం ఎండిపోయింది కాబట్టి ఆ రైలు వచ్చింది. ఆ మాంజరా ఏదో పరాయి నది కాదు, మన మంజీరే. బీడ్ జిల్లా బాలాఘాట్ కొండల్లో పుట్టి, లాతూర్, బీదర్ దాటి, సింగూరు, నిజాంసాగర్ నింపి, మన తూర్పు పక్క నుంచి పారి కందకుర్తిలో గోదావరిలో కలుస్తుంది.

వరదా వస్తుంది, కరువూ వస్తుంది. కాబట్టి మన ముందున్న ప్రశ్న ఒక్కటే: నాలుగు రోజుల్లో వచ్చే నీళ్లను ఎనిమిది నెలలకు ఎక్కడ దాచుకోవాలి?

మన తాతలకు జవాబు తెలుసు. ఎండాకాలంలో మంజీరలో దిగి మోకాలి లోతు గుంత తీస్తే చెలిమె ఊరేది. ముందు బురదనీళ్లు చేదిపోసి, కాసేపు ఆగితే తేటనీళ్లు వచ్చేవి. పైన ఎండిన నది, కింద నిండిన నది. ఇసుక అంటే ఖాళీగా పడి ఉన్న సరుకని మనం అనుకుంటున్నాం. అది నీళ్ల కొట్టం.

లెక్క వేసి చూడండి. ఒక బ్రాస్ అంటే 100 ఘనపుటడుగులు, దగ్గర దగ్గర 2,830 లీటర్ల చోటు. ముతక ఇసుకలో రేణువుల మధ్య నుంచి తోడుకోగలిగే నీళ్లు మొత్తం చోటులో సుమారు పావు వంతు. అంటే ఒక బ్రాస్ ఇసుక 700 లీటర్ల నీళ్లు పట్టుకుంటుంది. అది కూడా ఒక్కసారి కాదు, వాన పడిన ప్రతి ఏడూ. మీటరు లోతున్న ఆ నీళ్లను మే నెల ఎండ కూడా పెద్దగా తాగలేదు. ఐదు బ్రాసుల హైవా ఒకటి వెళ్తే 3,500 లీటర్ల తొట్టి పోయినట్టు. 143 హైవాలు వెళ్తే లాతూర్‌కు వచ్చిన ఆ మొదటి రైలంత నీటికి చోటు పోయినట్టు. మన భవనానికి రాసుకున్న 40 బ్రాసులు అంటే ఏటా 28,000 లీటర్లు. ఆ పెద్దమ్మ అడిగిన ప్రశ్నకు జవాబు ఇదీ: మొక్కలకు పోయాల్సిన నీళ్లను మనం స్లాబులో పోస్తున్నాం.

ఇంకో సంగతి. నది అడుగు లోతుకు దిగితే ఒడ్డున ఉన్న బావులు, బోర్లలో నీటిమట్టం కూడా దాని వెంటే దిగుతుంది. మోటారు ఇంకో ఇరవై అడుగులు దింపడానికి అయ్యే ఖర్చు ఇసుక అమ్ముకున్నవాడు కట్టడు, ఒడ్డు మీది రైతు కడతాడు. ఆ రైతు కూడా మన సంఘం సభ్యుడే.

"వరద వస్తే ఇసుక మళ్లీ వస్తుంది కదా కాకా" అని మన కుర్రాళ్లు అంటారు. కొంత వస్తుంది. కానీ పైన రెండు పెద్ద ఆనకట్టలున్నాయి. 1931లో పూర్తయిన నిజాంసాగర్ నలభై ఏళ్లు తిరిగేసరికి పూడికతో సగానికి పైగా సామర్థ్యం పోగొట్టుకుంది. అంటే మనకు రావాల్సిన మట్టి, ఇసుక అక్కడే కూర్చున్నాయి. వాగులు తెచ్చేది కొంత, మనం తోడేది కొండంత. ఎంత వచ్చిందో, ఎంత పోయిందో కొలిచి తీయండని చట్టమే చెప్పింది. 2012 ఫిబ్రవరి 27న దీపక్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు, చిన్న రేవులకు కూడా పర్యావరణ అనుమతి కావాలంది. 2016 మార్గదర్శకాల ప్రకారం మూడు మీటర్లు లేదా నీటిమట్టం, ఏది ముందొస్తే అక్కడ తవ్వకం ఆగాలి. జిల్లా సర్వే నివేదిక తయారు చేసి 21 రోజులు జనం ముందు పెట్టి అభిప్రాయం అడగాలి. మనలో ఒక్కరమైనా ఎప్పుడైనా అభిప్రాయం చెప్పామా? చెప్పలేదు. వేలం ఎవరికి దక్కిందని మాత్రం అడిగాం.

"పేదవాడు ఇల్లు కట్టుకోవద్దా?" అని ఇంకో మాట. కట్టుకోవాలి. ఘర్కుల్ ఇళ్లకు 5 బ్రాసులు ఉచితంగా ఇవ్వాలని ప్రభుత్వ విధానంలోనే ఉంది. ఆ ఐదు బ్రాసుల మీద మాకు పేచీ లేదు. కానీ రాత్రిపూట పోయే హైవా ఘర్కుల్ ముందు ఆగడం మీరెవరైనా చూశారా? పేదవాణ్ని ముందు నిలబెట్టి వెనక నుంచి బండి తోలడం మానుదాం.

"మనం ఆపితే అవతలివాళ్లు తవ్వుకుంటారు, మనకే నష్టం" అనేది మూడో మాట. అసలు జబ్బు ఇదే. 1956లో గీత గీశారు. బిచ్కుంద, జుక్కల్, ముధోల్, భైంసా అటు పోయాయి, మనం ఇటు ఉండిపోయాం. ఆడపిల్లలను ఇచ్చేది అటు, తెచ్చుకునేది అటు నుంచి. కానీ ఇసుక దగ్గరికి వచ్చేసరికి అటువైపు బావ దొంగ, ఇటువైపు మామ దొర. అవతలి ఒడ్డున కూర్చున్న మన చుట్టాలు కూడా ఇదే మాట మన గురించి అంటున్నారు. ఇద్దరూ ఒకే మాట అనుకుంటూ ఒకే నదిని రెండు వైపుల నుంచి తోడుతున్నారు.

బాబ్లీ గురించి ఎంత గొడవ జరిగిందో గుర్తు చేసుకోండి. 2.74 టీఎంసీల బ్యారేజీ కోసం ఆంధ్రప్రదేశ్ 2006లో సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2010 జూలైలో చంద్రబాబు నాయుడు వచ్చి ధర్మాబాద్‌లో అరెస్టయ్యారు. 2013 ఫిబ్రవరి 28న తీర్పు వచ్చింది. జూలై 1 నుంచి అక్టోబర్ 28 దాకా గేట్లు ఎత్తి ఉంచాలని తేదీలతో సహా రాశారు. మంచిదే, నీళ్ల పంపకం అట్లాగే ఉండాలి. కానీ అదే రెండు రాష్ట్రాల మధ్య అదే నీళ్లను దాచే ఇసుక లారీల్లో పోతుంటే అంత గొడవ ఎవరూ చేయలేదు. గేటు కనబడుతుంది కాబట్టి కొట్లాడారు. చెలిమె కనబడదు. 2018లో ధర్మాబాద్ వైపు ఊళ్లవాళ్లు తమను తెలంగాణలో కలపమని అడిగారు. పథకాల కోసం అడిగారు, తప్పు లేదు. కానీ ఏ రాష్ట్రంలో ఉన్నా అడుగు రాళ్లు తేలిన మంజీర నీళ్లివ్వదు.

కెన్యా దేశంలో మచాకోస్, కితుయి అనే కరువు ప్రాంతాలున్నాయి. అక్కడ వానాకాలం తప్ప వాగులు పారవు. అక్కడి ఊరివాళ్లు రాళ్లు మోసి వాగులకు అడ్డంగా గోడలు కట్టారు. నీళ్లు ఆపడానికి మాత్రమే కాదు, ఇసుక ఆపడానికి. గోడ వెనక ఇసుక నిండుతుంది, ఇసుకలో నీళ్లు నిలుస్తాయి, ఎండాకాలమంతా తోడుకుంటారు. అట్లాంటివి వందల కొద్దీ కట్టుకున్నారు. ఇసుక లేనివాళ్లు కూలి చేసి ఇసుక సంపాదించుకుంటున్నారు. దేవుడు ఉత్తగా ఇచ్చిన మనం బ్రాసు లెక్కన అమ్ముకుంటున్నాం.

కాబట్టి వచ్చే సమావేశంలో మేం నాలుగు మాటలు పెడతాం. ముందే చెబుతున్నాం, ఎవరినీ చాటుగా పట్టుకోవడం మా ఉద్దేశం కాదు.

ఒకటి, 40 బ్రాసుల తీర్మానం రద్దు చేయాలి. స్లాబు క్రషర్ ఇసుకతో వేద్దాం. ప్రభుత్వ పనుల్లో 20 శాతం అదే వాడాలని 2025లో రాష్ట్రమే చెప్పింది. క్రషర్ వల్ల గుట్టలకు దెబ్బ లేదా అంటే ఉంది. అందుకే పై అంతస్తు చిన్నదిగా కడదాం. ప్లాస్టరింగుకు నది ఇసుక తప్పదని మేస్త్రి అంటే, రాయల్టీ పావతి ఉన్నదే, కావలసినంతే తెద్దాం.

రెండు, 500 మొక్కలు వద్దు, 50 చాలు. ఒక్కోటి ఒక్కో ఇంటి పేరున. మూడు ఎండాకాలాలు దాటించిన ఇంటికి దసరా నాడు శాలువా.

మూడు, ఇది కష్టమైనది. పట్టుబడిన ట్రాక్టరు, హైవా విడిపించడానికి సంఘం తరఫున ఆఫీసులకు పోవడం ఇక బంద్. ఇంతకుముందు పోయాం. మేమూ పోయాం. "పిల్లగాడు, కిస్తీలు కట్టాలి సాబ్" అని బతిమాలాం. ఆ కిస్తీల బాధ నిజమే. కిస్తీలకు సాయం కావాలంటే సంఘం నిధి నుంచి అప్పు ఇద్దాం, పూచీ ఉందాం. రాత్రి బండికి మాత్రం పూచీ ఉండొద్దు.

నాలుగు, ఒకే రోజు రెండు అర్జీలు. బిలోలీలో మరాఠీలో ఒకటి, బోధన్‌లో తెలుగులో ఒకటి. మాట ఒక్కటే: వానలకు ముందు, వానల తర్వాత రెండు రాష్ట్రాలు కలిసి మంజీర అడుగు కొలవాలి, పెరిగినంత మేరకే తీయాలి. మన రెండు భాషలను ఇన్నాళ్లూ మన కష్టంగానే చెప్పుకున్నాం. అక్కడ మరాఠీవాళ్లం, ఇక్కడ తెలుగువాళ్లం అని వాపోయాం. ఈ పనికి మాత్రం నది రెండు ఒడ్లతోనూ మాట్లాడగలిగినవాళ్లు మనకంటే ఎవరున్నారు?

2027లో గోదావరి పుష్కరాలు. కందకుర్తి సంగమానికి రెండు వైపుల నుంచి మన చుట్టాలు వస్తారు. మునగడానికి నీళ్లు అడుగుతారు. ఆ నీళ్లు ఎక్కడికి పోయాయో అప్పుడు వాళ్లకు మన భవనం పై అంతస్తు చూపించే గతి మనకు పట్టొద్దు.

సమావేశానికి అందరూ రండి. ఆడవాళ్లు తప్పకుండా రండి, ముఖ్యంగా ఆ పెద్దమ్మ. నచ్చకపోతే ఎదురుగా నిలబడి కాదనండి, వింటాం. ఈసారి మాత్రం చప్పట్లు వద్దు, చేతులెత్తి లెక్కపెట్టుకుందాం.