తడబడే నాలుకను శిక్షించకండి

మిరప కోతలు మొదలైతే మన గుంటూరు, ప్రకాశం పల్లెల్లో బడి హాజరు పలచబడుతుంది. కోతలు ముగిశాక కొందరు పిల్లలు తిరిగి వస్తారు, కొందరు రారు. రానివారి గురించి అడిగితే తల్లిదండ్రుల నుండి తరచుగా వినిపించే జవాబు ఒక్కటే: “వాడికి చదువు అబ్బలేదు భాయ్‌సాబ్.”

మా మొహల్లాలో ఒక బాలుడున్నాడు. మిర్చి టిక్కీల లెక్క నోటితోనే తప్పులేకుండా చెబుతాడు. విన్న కథను పొల్లుపోకుండా తిరిగి చెబుతాడు. అయిదో తరగతికి వచ్చినా తెలుగు వాచకంలో ఒక్క వాక్యం చదవలేడు. బడిలో మొద్దు అన్నారు. మక్తబ్‌లో ఖాయిదా దాటలేదని బెత్తం తీశారు. తండ్రి మెకానిక్ షెడ్డులో చేర్పించడానికి సిద్ధమయ్యాడు.

ఇటువంటి పిల్లలు ప్రపంచానికి కొత్త కాదు. 1896లోనే ప్రింగిల్ మోర్గాన్ అనే ఆంగ్ల వైద్యుడు, తెలివితేటలుండీ చదవలేకపోతున్న 14 ఏళ్ళ బాలుడి గురించి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశాడు. నేడు దీనిని డిస్లెక్సియా అంటున్నాం. ఎక్కువమందిలో సమస్య కంటిచూపుది కాదనీ, మాటను ధ్వనులుగా విడదీసి అక్షరాలతో జతపరచడంలో ఉన్నదనీ తర్వాతి పరిశోధనలు తేల్చాయి. ఇది సోమరితనం కాదు, బుద్ధిమాంద్యం అంతకన్నా కాదు.

అయితే చదవలేని ప్రతి బిడ్డకూ డిస్లెక్సియా ఉన్నట్లు కాదు. గుణింతాలు, ఒత్తులతో కూడిన మన లిపులు పట్టుబడటానికి ప్రాథమిక తరగతులన్నీ పడతాయని కన్నడ పిల్లలపై సోనాలీ నాగ్ చేసిన పరిశోధన చూపింది. మన పిల్లల్లో చాలామంది ఇంట్లో ఉర్దూ మాట్లాడి, బడిలో తెలుగు, ఇంగ్లీషు, మక్తబ్‌లో అరబీ నేర్చుకుంటారు. లిపులు మూడు, వాటిలో ఒకటి కుడి నుండి ఎడమకు సాగుతుంది. కనుక మొదట క్రమంగా, ఓపికగా నేర్పాలి. అలా నేర్పినా అన్ని లిపుల్లోనూ తడబడుతుంటే పరీక్ష చేయించాలి.

ఆ పరీక్ష ఎవరి దయా కాదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాలలో నిర్దిష్ట అభ్యసన వైకల్యం ఒకటి. దానిని వీలైనంత త్వరగా గుర్తించి తగిన బోధన అందించాలని 16వ సెక్షన్ చెబుతోంది. పరీక్షలో అదనపు సమయం, రాసిపెట్టే సహాయకుడు, రెండో, మూడో భాషల నుండి మినహాయింపు వంటి వెసులుబాట్లు 17వ సెక్షన్‌లో ఉన్నాయి. మూడో తరగతిలో లేదా 8 ఏళ్ళ వయసులో, ఏది ముందైతే అప్పుడు, పాఠశాలలోనే ప్రాథమిక పరిశీలన జరగాలని 2018 నాటి కేంద్ర మార్గదర్శకాలు నిర్దేశించాయి.

6–14 ఏళ్ళ ముస్లిం పిల్లల్లో 25 శాతం మంది బడి ముఖం చూడనివారో, మధ్యలో మానేసినవారో అని 2006లో సచార్ కమిటీ తెలిపింది. ఆ లెక్కకు పేదరికాన్నీ, వివక్షనూ కారణాలుగా చూపాం, అది న్యాయమే. చదవలేక అవమానపడి వెళ్ళిపోయిన బిడ్డను మాత్రం మనం లెక్కలోకి తీసుకోలేదు.

వైకల్యం అనే ముద్ర పడితే రేపు ఆడపిల్ల పెళ్ళికి అడ్డవుతుందని కొందరు తల్లులు భయపడుతున్నారు. ఆ భయాన్ని తేలికగా తీసివేయలేను. కానీ మొద్దు అనే ముద్ర ఇప్పటికే పడింది; దానితో ఏ హక్కూ రాదు.

నా ఉద్యోగ జీవితమంతా ఫైళ్ళ మధ్య గడిచింది. నోటిమాటగా అడిగినది నోటిమాటగానే పోతుంది. అందువల్ల ప్రధానోపాధ్యాయునికి పరీక్ష కోరుతూ అర్జీ రాయండి, తేదీతో రసీదు తీసుకోండి. రాయడం రాని తల్లిదండ్రులకు మస్జిద్ కమిటీలు, యువజన సంఘాలు రాసిపెట్టాలి. మక్తబ్‌లో బెత్తం పక్కన పెట్టాలి.

ఖుర్ఆన్‌ను తడబడుతూ, కష్టపడి పఠించేవారికి రెండింతల పుణ్యమని హదీసు బోధిస్తోంది. అల్లాహ్ రెట్టింపు ప్రతిఫలమిచ్చే ఆ తడబాటుకు మనం దెబ్బలు ఇవ్వడం ఏ ధర్మం?