ఆ ఫైలు గీయడం మనకెందుకు నేర్పరు?

పోస్టు కొంచెం పెద్దది, ఓపికతో చదవండి.

సీఎన్‌సీ, లేజర్ కటింగ్ శిక్షణ అంటే మనోళ్ళు సంతోషంగా పేరు ఇస్తున్నారు. ఇవ్వాల్సిందే. కానీ మాలో కొందరం వెళ్ళిన ఒక శిక్షణలో జరిగిందేంటంటే, ఫైలు ముందే రెడీగా ఉంటది. షీటు పెట్టు, మూత వెయ్యి, బటన్ నొక్కు, ముక్కలు ఏరు. మూడు నెలలూ ఇదే పని. ఈ ఫైలు ఎలా గీస్తారు సార్ అని అడిగితే, అది డిజైనర్ల పని, మీకెందుకు అన్నారు. చివర్లో సర్టిఫికెట్ ఇచ్చి ఫొటో దిగారు.

బటన్ నొక్కడం రెండు రోజుల్లో వస్తది. గీయడం రావాలంటే నెలలు పడతది, అసలు చదువు అక్కడే ఉంది. మనకి కావాల్సింది అదే అని మేము గట్టిగా అంటున్నాం.

ఒక చిన్న పెట్టె చేయాలనుకోండి. 3 మిల్లీమీటర్ల ప్లైవుడ్, మేకులు లేవు, ఒక పలక పళ్ళు ఇంకో పలక గాడిలో కూర్చోవాలి. గాడి సరిగ్గా 3 మిల్లీమీటర్లే గీశారు. కోసి చూస్తే వదులుగా ఊగుతది. ఎందుకంటే లేజర్ కిరణం తను పోయిన దారిలో కొంత చెక్కని కాల్చేస్తది, 0.2 మిల్లీమీటర్ల దాకా. గాడి అంత పెరిగింది, పన్ను అంత తగ్గింది. పైగా 3 అని అమ్మిన ప్లైవుడ్ కొలిస్తే ఒక్కోసారి 2.7 ఉంటది. అందుకే ముందు వెర్నియర్ పట్టి కొలవాలి, చిన్న ముక్క మీద నాలుగైదు సైజుల గాడులు కోసి ఏది బిగుసుకుంటదో చూసుకోవాలి, అప్పుడు గీత సవరించుకోవాలి. రౌటర్ మెషిన్‌కి ఇంకో తంటా. దాని బిట్టు గుండ్రంగా తిరుగుద్ది కాబట్టి లోపలి మూల ఎప్పుడూ గుండ్రంగానే మిగులుద్ది. చదరపు పన్ను అందులో కూర్చోదు. మూలలో చిన్న బెజ్జం అదనంగా గీయాలి.

మన ఊళ్ళో నాగలి చేసే పెద్దాయనకి ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. ఎండితే చెక్క ఎంత తగ్గుద్దో, ఎంత బిగువు వదలాలో ఆయన చేతికి తెలుసు. ఆ జ్ఞానాన్నే కంప్యూటర్ గీతలోకి తేవడాన్ని డిజైన్ అంటున్నారు. ఇది మనకి పరాయి విద్య కాదు, మెనూలు ఇంగ్లీషులో ఉన్నాయి అంతే.

ఇంకో మాట. పీవీసీ షీటు లేజర్ కింద పెట్టకూడదు. కాలితే విషవాయువు వస్తది, ఊపిరితిత్తులకీ మెషిన్‌కీ చేటు. ఆ మూడు నెలల్లో మాకు ఇది ఎవరూ చెప్పలేదు. ఏ షీటు పెడుతున్నామో తెలియకుండా బటన్ నొక్కించడం మమ్మల్ని మనుషుల్లా చూడటమేనా?

నేర్చుకుని ఏం చేస్తారు అని అడిగేవాళ్ళకి మా దగ్గర పని ఉంది. ఆదిలాబాద్ జిల్లా గుంజాల ఊరి పేరుతో ఉన్న గోండి లిపి 2018లో యూనికోడ్‌లో చేరింది. ఉచిత ఫాంట్ కూడా ఉంది. ఆ అక్షరాలు ప్లైవుడ్‌లో కోసి అంగన్‌వాడీ పిల్లల చేతికి ఇవ్వొచ్చు. ఇంక్‌స్కేప్‌లో అక్షరం టైపు చేసి దాన్ని గీతగా మార్చాలి. పలకలో అక్షరం ఖాళీగా కోస్తే, మధ్యలో మూసుకున్న సున్నా భాగం ఊడి కింద పడిపోద్ది. పడకుండా సన్నని వంతెన ఎక్కడ వదలాలి? ఎక్కడ వదిలితే అక్షరం చెడదు? ఆ లిపి చదవడం వచ్చినోళ్ళే అది సరిగ్గా చెప్పగలరు. బయటి డిజైనర్‌కి ఆ మచ్చ, ఈ మచ్చ ఒకటే.

అట్లని కనిపించిందల్లా మెషిన్‌లో పెట్టమని మేము అనట్లేదు. నాయకపోడు వాళ్ళు పొనికి చెక్కతో చేసే లక్ష్మీదేవర ముఖాలు కొలువుండేవి, గోడకి వేలాడదీసే బొమ్మలు కావు. వాటిని స్కాన్ చేసి కోసి అమ్మాలా వద్దా అనేది ఆ కులపెద్దలు తేల్చాలి. మన పిల్లలకి గీయడం రాకపోతే మాత్రం ఎవరో గీసేస్తారు, మనకి సంతలో కనబడ్డాకే తెలుస్తది. ఉషేగాంలో ఓజాల ఇత్తడి పనికైతే ఈ మెషిన్ అవసరమే లేదనుకుంటాం. మైనపు తీగ వేళ్ళతో చుట్టాల్సిందే.

పల్లెల్లో ఇవి నడవవు అనేవాళ్ళు మహారాష్ట్ర వైపు చూడాలి. పుణె జిల్లా పాబళ్‌లో 1983లో డాక్టర్ కల్‌బాగ్ మొదలుపెట్టిన విజ్ఞాన్ ఆశ్రమం, బడి మానేసిన పిల్లలు పని చేస్తూ నేర్చుకునే చోటు. అమెరికాలోని ఎంఐటీ ఆలోచనగా పుట్టిన ఫ్యాబ్ ల్యాబ్ 2002లోనే అక్కడికి వచ్చింది. మనకి హైదరాబాద్ రాయదుర్గంలో 2023 మార్చిలో టీ-వర్క్స్ తెరిచారు, 78 వేల చదరపు అడుగులు. మంచిదే. భద్రాచలం నుంచి సుమారు 300 కిలోమీటర్లు. ఒక గాడి వదులైందని ఎవరు అంతదూరం పోయి మళ్ళీ కోసుకొస్తారు?

అందుకే ప్రతి ఐటీడీఏ దగ్గర ఒక లేజర్ మెషిన్, గీయడం నేర్పగల మనిషి ఒకరు, సాయంత్రాలూ ఆదివారాలూ తెరిచి ఉండే గది అడుగుతూ అర్జీ రాస్తున్నాం. పాడైన ముక్కలకి ప్లైవుడ్ ఖర్చు కూడా అందులో రాశాం, ఎందుకంటే పాడు చేయకుండా ఇది ఎవరికీ రాదు. ఇంక్‌స్కేప్, ఫ్రీక్యాడ్ రెండూ ఉచితం. హాస్టల్ కంప్యూటర్లో ఈ వారమే వేసుకుని మొదలుపెట్టొచ్చు. మీ హాస్టల్లో పనిచేసే కంప్యూటర్లు ఎన్ని, తాళం ఎవరి దగ్గర ఉంది, ఈ రెండూ మాకు రాసి పంపండి. సోమవారం గిరిజన దర్బార్‌కి వెళ్ళేటప్పుడు అర్జీతో పాటు ఆ లెక్క కూడా పెడతాం.