సుగ్గికి పోయినవారి ఆరాధన



పత్తి పగిలే కాలం వచ్చిందంటే మన కౌతాళం మందిరంలో చాపలు వారవారం ఖాళీ అవుతాయి. కుటుంబాలకు కుటుంబాలు గుంటూరు వైపు సుగ్గికి బయలుదేరతాయి. పూర్ణహృదయం ఇచ్చినవాడు ఆరాధన మానడని ఒకప్పుడు మేము గద్దించి చెప్పేవాళ్లం. ఆ ప్రసంగం తప్పని ఇప్పుడు మా అభిప్రాయం.

ఏ పని చేసినా ప్రభువు కొరకే చేయాలని పౌలు కొలొస్సయులకు రాశాడు (3:23). ఎవరికి చెప్పాడో పై వచనం చూడండి. దాసులకు! తమ దినం తమ చేతిలో లేనివారికి. ‘మనస్ఫూర్తిగా’ అని మన బైబిలులో ఉన్నచోట గ్రీకులో ‘ప్రాణంలోనుండి’ అని ఉంది. యజమాని కళ్లెదుట ఉన్నప్పుడే కాదు, లేనప్పుడు కూడా.

పత్తి తీసినందుకు కిలో లెక్కన కూలి ఇచ్చే చోట, ఎండాకు ముక్కలు, సగం పగిలిన కాయ కలిపితే తూకం తొందరగా పెరుగుతుంది. ఒకసారి చేనుకు వెళ్లినప్పుడు మన సహోదరి ఒకామె సాలు చివర కూర్చుని ఒడిలోని ఆకు ముక్కలు ఏరి పారేస్తోంది. కూలి తగ్గుతుంది కదమ్మా అన్నాం. “మన ఇంటి పరుపుకైతే ఇట్లాంటి పత్తి పెడతామా అయ్యగారూ?” అంది.

ఆ వారం మేము చేసిన ప్రసంగం శనివారం రాత్రి ఫోనులో ఎవరిదో విని కూర్చినది. కుంటి పశువును బలికి తెచ్చినవారిని మలాకీ మొదటి అధ్యాయంలో దేవుడు నిలదీస్తాడు, అలాంటిది మీ అధికారికి ఇవ్వగలవా అని. ఆ కుంటి పశువు మాదే. ఆమె ఒడి ముందు మాకు సిగ్గేసింది.

అయితే ఈ వాక్యాన్ని కూలివాళ్ల నెత్తినే రుద్దకూడదు. నాలుగో అధ్యాయం మొదటి వచనం యజమానులకు. కోత కోసినవారి కూలి బిగబట్టితే ఆ కూలే మొర పెడుతుందని యాకోబు రాశాడు (5:4). మన సంఘంలో పొలం ఉన్నవారూ ఉన్నారు. సీసీఐ వారు తేమ 8 శాతం దాటితే ధర తగ్గిస్తారు, 12 దాటితే కొనరు. అది తెలిసి కూడా దళారికి అమ్మే పత్తిపై నీళ్లు చల్లి, ఆ డబ్బులో దశమభాగం తెస్తే, దానిపై ప్రార్థన చేయడానికి మాకు నోరు రాదు.

1953 వరకు మన ఆదోని తాలూకా బళ్ళారి జిల్లాలోనిదే. ఆ బళ్ళారికి 1810లో వచ్చిన జాన్ హ్యాండ్స్ కన్నడ బైబిలు అనువాదం కోసం ఏళ్ల తరబడి శ్రమించాడు. మిషనరీలంటే మనకు గౌరవం, మంచిదే. ఒక్కో మాట సరిచూసుకున్న ఆ ఓపిక, ఒక్కో ఆకు ముక్క ఏరిన ఈ ఓపిక మాకు ఒకే జాతివిగా కనబడతాయి. రెండోదానికి మాత్రం సాక్ష్యాల కూడికలో చోటు ఇవ్వలేదు. అది మా లోపమే.

ఈ ఏడు సుగ్గికి వెళ్లేవారు బయలుదేరే ముందు మందిరానికి రండి, మీ కొడవళ్లు, సంచులతోనే. చేతులుంచి ప్రార్థించి పంపుతాం. ఆదివారం రాత్రి 8 గంటలకు ఫోను చేస్తాం, డేరా దగ్గర పదిమంది ఉంటే స్పీకరు పెట్టండి. పిల్లలను బడి మాన్పించి తీసుకుపోయే ఆలోచన ఉంటే ముందే మాతో మాట్లాడండి. సీజనల్ హాస్టలులో చేర్పించడానికి మేమే వెంట వస్తాం.