పన్నెండేళ్ల భయం

సంపాదకులకు,

అద్దెకున్నవాడు పన్నెండేళ్లుంటే ఇల్లు అతనిదైపోతుందన్న ధోరణిలో సాగింది మీ వ్యాసం. కాదు. యజమాని అనుమతితో ఉన్నవాడికి ఎన్నేళ్లున్నా ఆ హక్కు రాదు. 1963 నాటి లిమిటేషన్ చట్టం ఆర్టికల్ 65ను అడ్డుపెట్టుకోవాలంటే, అసలు హక్కుదారును కాదంటూ బాహాటంగా, ఎడతెగకుండా 12 ఏళ్లు (సర్కారు భూమైతే 30) అనుభవించినట్టు ఆక్రమణదారే రుజువు చేసుకోవాలి. కరెంటు బిల్లులు చూపితే సరిపోదు.

అయినా ఈ నిబంధన కబ్జాకు బహుమానమే కదా అంటారేమో. 2008లో హేమాజీ కేసులో సుప్రీంకోర్టే ఈ నిబంధనను అహేతుకమంది. అయితే 2023లో లా కమిషన్ 280వ నివేదిక మార్చనక్కర్లేదంది. కమిషన్ మాటే నాకు సబబనిపిస్తుంది. గడువంటూ లేకపోతే తాతలనాటి దస్తావేజు పట్టుకుని ఎవరైనా నేటి కొనుగోలుదారు మీదికి రావచ్చు. ఇక్కడ ఆస్తులుండి విదేశాల్లో ఉంటున్నవారి గోడు నిజమే, కానీ వారిని ముంచుతున్నది ఆ పన్నెండేళ్లు కాదు. గడువులోగా దావా వేస్తే లెక్క ఆగుతుంది, వ్యాజ్యం ఎంత సాగినా ఆక్రమణదారుకు హక్కు కలిసిరాదు. అతనికి కలిసొచ్చేది ఆస్తిని అనుభవించే కాలమే: డిక్రీ మీద అప్పీలు, అప్పీలు తేలాక అమలు పిటిషన్, దానిపై మూడో మనిషి అభ్యంతరం. విసిగి యజమాని బలవంతంగా గెంటేస్తే, ఆరు నెలల్లో దావా వేసి ఆక్రమణదారే మళ్లీ లోపలికి రాగలడు. అమలు పిటిషన్లను ఆరు నెలల్లో తేల్చాలని 2021లో సుప్రీంకోర్టు ఆదేశించింది. అది మన జిల్లా కోర్టుల్లో ఎంతవరకు అమలవుతోందో మీ విలేకరులు ఆరా తీస్తే బాగుంటుంది.

— ఒక పాఠకుడు